కొంగల బారు

మ్యూజియంలో దుమ్ము దులిపే పని అతనిది. అద్దాల బీరువాల్లో గడ్డి కూరిన పక్షులుంటాయి. వాటి ఈకల మీద రోజంతా మెత్తటి కుంచె ఆడిస్తుంటాడు. సెలవురోజు కూతురు చిట్టి కూడా వెంట వస్తుంది. బయట ఎవరూ పెద్దగా లెక్కచేయని ఆ మనిషికి చిట్టి దగ్గర మాత్రం సర్వజ్ఞుడి హోదా.

ఒకరోజు, కాకులన్నీ కలిస్తే ఏమంటారని అడిగింది చిట్టి. తెలియదంటే ఆ హోదా ఊడిపోదూ? కాకుల పంచాయితీ అంటారని ఠక్కున చెప్పేశాడు. పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు విన్నాక ఇక ఆగితేనా? చిలకలది సంత, గుడ్లగూబలది గస్తీ, పావురాలది కచేరీ అంటూ నోటికొచ్చినవన్నీ అంటగట్టాడు. మధ్యలో ఒక నిజం కూడా దొర్లింది. కొంగలది బారు అన్నాడు.

అవన్నీ చిట్టి బళ్లో గడగడా అప్పజెప్పింది. క్లాసంతా గొల్లుమంది. అలాంటి మాటలు లేవని టీచరు నచ్చజెప్పబోతే, మా నాన్న పక్షుల దగ్గరే పనిచేస్తారు, మీకే తెలియదు అని ఎదురుతిరిగింది. దాంతో నాన్నను తీసుకురమ్మన్నారు.

మర్నాడు అతని వేలు పట్టుకుని, గెలిచినదానిలా నడిచింది చిట్టి. దారిలోనే చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచాడో! ప్రతిసారీ ఆ ముఖం చూసి నోరు మూసుకున్నాడు, పిరికివాడు.

"పాప మీ మాట మీదే నిలబడిందండీ. మీరే చెప్పండి," అంది టీచరు.

"సరదాకి చెప్పానండీ. నేనే కల్పించాను."

చిట్టి అతని వేలు వదిలేసింది. ఎవరూ అడగకుండానే టీచరుకు క్షమాపణ చెప్పింది. తప్పు అతనిది, తలవంపు పిల్లది. చెంప పగలగొట్టినా అతనికి అంత సిగ్గనిపించేది కాదు.

సాయంత్రం బడి నుంచి తీసుకొస్తుంటే ఇళ్ల కప్పుల మీదుగా తెల్లటి కొంగలు వరుసగా ఎగిరిపోతున్నాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"అటు చూడు తల్లీ, కొంగల బారు. అదొక్కటీ నిజమే, నీమీద ఒట్టు."

చిట్టి తలెత్తి, అవి కనుమరుగయ్యేదాకా చూసింది.

"గుంపు అంటే సరిపోతుందిలే నాన్నా," అంది.