అన్న పేరు మోసినవాడు

పొద్దున అయిదున్నరకే ఖాసీం బండి ముందద్దాన్ని మూడోసారి తుడుస్తున్నాడు. దోహా దుమ్ముకి సిగ్గూ శరం లేవు. తుడిచిన గుడ్డ పిండేలోపే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఖాసీంకి నలభై తొమ్మిదేళ్లు. నడుం కాస్త వంగింది. ఎడమ ముంజేయి కుడిదానికంటే రెండింతలు నల్లగా ఉంటుంది. ఇరవై అయిదేళ్లుగా కిటికీ పక్కన ఎండకు మాడిన చెయ్యి అది. అల్ తుమామాలోని ఈ ఇంట్లో నాలుగు బండ్లు మారాయి, అప్పట్లో బడికి దింపిన పిల్లలకే పిల్లలు పుట్టి బడికెళుతున్నారు, డ్రైవరు మాత్రం మారలేదు.

"యా గౌస్! యల్లా!" లోపలినుంచి పెద్దావిడ తొందరపెడుతూ కేకేసింది.

"హాజిర్, మామా," అన్నాడు ఖాసీం. అక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలవాలి.

గౌస్ అని పిలిస్తే ఖాసీం పలకడమేమిటంటారా? పలకాలి మరి. ఖతర్ సర్కారు లెక్కలో ఖాసీం అనేవాడు ఇరవై రెండేళ్ల కిందటే చచ్చిపోయాడు.

అన్నదమ్ములిద్దరూ రాయచోటి అవతల సుండుపల్లె దూదేకులవాళ్లు. ఏజెంటు రెండు వీసాలు తెచ్చాడు. ఇంటి డ్రైవరు పని ఒకటి, అల్ షహానియాలో ఒంటెల దగ్గర పని ఒకటి. ఆ మహానుభావుడు డ్రైవరు వీసాని అన్న గౌస్ మొహియుద్దీన్ పేరున తెచ్చాడు. గౌస్ జన్మలో స్టీరింగు పట్టినవాడు కాదు. జీపు తోలేది తమ్ముడు ఖాసీం. దిద్దించాలంటే ఇంకో ఆరు నెలలన్నాడు. ఆరు నెలలు ఆగే ఇల్లా అది! చివరికి ఏజెంటే పాస్‌పోర్టుల్లో ఫొటోలు అటువి ఇటు, ఇటువి అటు మార్పించి, "ఇద్దరి మొగాలూ ఒకటే అచ్చు. యెవడు చూడొచ్చినాడు?" అన్నాడు. ఖాసీం వెనకాడితే గౌసే ధైర్యం చెప్పాడు.

"నాకు ఒంటెలే మేల్రా. గొర్రెలు మేపినోణ్ణి గదా. నువ్వు కారు తోలుకో పో."

మూడో ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, ఒంటెల నీళ్లతొట్టి పక్కన గౌస్ పడిపోయాడు. ఇక లేవలేదు. దోహాలోనే మట్టి చేశారు. పాస్‌పోర్టులో ఉన్న ఖాసీం పేరే రాసుకున్నారు.

ఆ రోజే నోరు విప్పి ఉంటే పోయేది. దొంగ పాస్‌పోర్టని లోపలేస్తారు, తనూ జైలుకి పోతే ఇంట్లో అమ్మా వదినా ఏం తింటారు అని జంకాడు. నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాడు. నెమ్మది నెమ్మదిగా ఇరవై రెండేళ్లు గడిచాయి.

నలిగిపోయింది మాత్రం వదిన మాబున్నీసా. ఇరవై నాలుగేళ్లకే మొగుడు పోయాడు. ఊరి కంటికి విధవ, కాగితాల్లో మొగుడున్న మనిషి. సచివాలయంలో వితంతు పింఛను అడిగినప్పుడల్లా, "మీ ఆయన గల్ఫులో పనిచేస్తాండాడని రికార్డులో ఉందమ్మా. పోయినాడంటే ఆడి కాగితం తీసకరా," అని తిప్పి పంపుతున్నారు. ఖాసీం నెలనెలా పంపుతూనే ఉన్నాడు. కానీ పోయిన ఏడు ఆమెకి ఆపరేషనయ్యాక గుబులు పట్టుకుంది. "నువ్వుండేంతవరకే గదబ్బీ నాకు. ఆ తర్వాత?" అంది. ఇంకో మాట కూడా అంది. "పింఛను సంగతట్ల పెట్టు. నా మొగుడు పోయినాడని సర్కారోళ్లు ఒక్క కాగితం రాసియ్యలేరా? ఫాతిహా సదివించేటప్పుడు బతికినోడికి సదివించినట్టుంటాది నాకు."

ఆ మాట ఖాసీం గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. పాస్‌పోర్టు చివరి పేజీలో, భార్య పేరు అన్నచోట, మాబున్నీసా అని ఉంటుంది. తల్లి తర్వాత తల్లి అనుకునే మనిషి పేరు అక్కడ కనబడ్డప్పుడల్లా చప్పున పేజీ మూసేస్తాడు. తను పెళ్ళి చేసుకోలేదు. ఎవరన్నా అడిగితే "అయింది గదా" అంటాడు. గౌస్‌కి అయినమాట వాస్తవమే.

పిల్లల్ని బళ్లో దింపేసరికి ఏడు. మళ్ళీ పన్నెండున్నరదాకా పనిలేదు. నేరుగా ఫయాజ్ టైపింగ్ సెంటరుకి వెళ్లాడు. అరబ్బీలో అర్జీలు టైపు చేసిపెట్టే చిన్న కొట్టది. ఫయాజ్‌ది నిజామాబాద్. మనిషి కరుకు, చెయ్యి సాయం. అన్న చావు కాగితం చేతికొస్తే అందులో పేరు దిద్దించొచ్చని ఖాసీం తిరగడం ఇది నాలుగోసారి. మొదట ఆస్పత్రి రికార్డు రూములో అడిగితే అంత పాతవి కంప్యూటర్లో లేవన్నారు. కేసు నంబరు కావాలన్నారు. నంబరు కోసం షహానియా పోలీసుల దగ్గరికి రెండుసార్లు తిరిగితే, మొన్న ఒక ముసలి హవల్దారు దయతలిచి పాత రిజిస్టరు దులిపి రాసిచ్చాడు.

"దొరికిందా? శభాష్! ఇగ ఐపోయినట్టే," అని ఫయాజ్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "చెప్పు గౌస్ భాయ్. సచ్చిపోయినాయన పేరు?"

"ఖాసీం."

"నీకేమైతడు?"

"తమ్ముడు."

"పుట్టిన తారీఖు?"

తన పుట్టిన తారీఖు చెప్పాడు.

"పెండ్లయిందా?"

"లేదు. కాలే."

"పాపం. పిల్లలు సుత లేరన్నట్టే," అంటూ ఫయాజ్ టకటకా కొట్టుకుపోయాడు. తన చావుకి తనే దరఖాస్తు పెట్టుకుంటున్నట్టు ఖాసీంకి అనిపించింది. కింద అర్జీదారు సంతకం అన్నచోట గౌస్ మొహియుద్దీన్ అని పెట్టాడు. అన్న సంతకం తనకి ఎంత అలవాటయిందంటే, సొంత సంతకం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయి తెచ్చుకోలేకపోయాడు.

మరణాల నమోదు కౌంటరులో టోకెను రావడానికి గంటన్నర పట్టింది. కౌంటరు వెనకున్న కుర్రవాడు మర్యాదస్తుడే. నంబరు కొట్టాడు, కాగితం తీశాడు, ముద్ర వేశాడు, రెండు చేతులతో అందించి, "అల్లా యర్హమూ," అన్నాడు, పోయినవాణ్ణి అల్లా కరుణించుగాక అని.

చిన్నప్పుడు మసీదులో నేర్చిన అక్షరాలు కూడబలుక్కుంటూ ఖాసీం చదివాడు. ఖాఫ్, అలిఫ్, సీన్, మీమ్. తన పేరే. చావుకి కారణం గుండె ఆగిపోవడం అని ఆ కుర్రవాడే చెప్పాడు. గుండె ఆగకుండా చచ్చినవాణ్ణి చూపించమనండి! ఎండ గురించి అందులో ఒక్క ముక్కా లేదు.

"పేరు తప్పు పడింది. మార్చొచ్చా?" అని వచ్చీరాని అరబ్బీలో అడిగాడు.

కుర్రవాడు వింతగా చూశాడు. "అది కోర్టు పని. ముందు మీ ఎంబసీకి వెళ్లి, చనిపోయింది ఈ మనిషి కాదని రుజువు చెయ్యాలి. రుజువుందా?"

రుజువు కౌంటరు ముందు నిలబడే ఉంది.

బండెక్కి ఏసీ వేసి, పక్క సీటు వైపున్న గాలి కూడా పూర్తిగా తెరిచాడు. ఎవరూ లేకపోయినా అటువైపు గాలి ఆపడు. ఆ సీటు ఖాళీ అని ఇరవై రెండేళ్లలో ఒక్కరోజూ అనిపించలేదు. న్యాయానికి ఈ చల్లటి బండి గౌస్‌ది, ఆ ఎండ తనది. తనకు రాసిన ఎండలో అన్న పడిపోయాడు. దారిపొడుగునా చెమటా, ఒంటె బొచ్చు వాసనా బండిలో తెలుస్తూనే ఉన్నాయి.

"కోప్పడొద్దన్నా," అన్నాడు పక్కకి చూడకుండానే. "ఇంకా మోయలేను. నీ పేరు నీకిచ్చేస్తా."

బడి దగ్గర చెట్టు నీడ దొరికింది. ఇంకా అరగంట టైముంది. పొద్దుట్నుంచీ భుజం లాగుతోంది. పిడికిలితో నొక్కుకుంటూ వదినకి ఫోన్ చేశాడు.

"ఖాసీం, తిన్యావా అబ్బీ?" అంది మాబున్నీసా. అమ్మ పోయాక ఈ భూమ్మీద అతన్ని ఆ పేరుతో పిలిచే గొంతు అదొక్కటే.

"తింటాలే. వదినా, కాగితం వచ్చింది."

"ఎవురి పేరుండాది?"

"నాదే."

"ఇంగ దాంతో నాకేం పని," అంది నీరసంగా.

"పనికొచ్చేట్టు నేను చేస్తా. రేపు ఎంబసీకి పోతాండా. నేనే ఖాసీం, సచ్చింది మా యన్న గౌసు, అని చెప్పేస్తా."

"నీకేమన్నా మతి పోయిందా! లోపలేస్తారబ్బీ! ఇన్నేండ్లు ఎట్లో గడిచింది. నాకా కాగితమూ వద్దు, ఏమీ వద్దు."

"వేస్తే వేయనీ వదినా. లోపల కూడా నన్ను ఖాసీం అనే పిలుచ్చారు గదా," అని నవ్వాడు. అలా నవ్వి చాలా ఏళ్లయింది. "అన్నకి న్యాయంగా ఫాతిహా సదివిచ్చు ఈసారి."

ఆమె ఏడుస్తోందని తెలిసి, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. సీటు కొంచెం వెనక్కి వాల్చుకున్నాడు. ఒళ్ళంతా చెమట పట్టింది. పిల్లలు రావడానికి ఇంకా పావుగంట ఉంది కదా, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామనుకున్నాడు.

పన్నెండున్నరకి బడి వదిలారు. చిన్నపిల్ల బ్యాగు ఈడ్చుకుంటూ వచ్చి తలుపు కొట్టింది, "గౌస్, గౌస్" అని పిలిచింది. ఇంజను తిరుగుతూనే ఉంది. అతను లేవలేదు.

జేబులో ఉన్న టైపింగ్ సెంటరు కార్డు చూసి ఫయాజ్‌కి కబురు చేశారు. ఈసారి గౌస్ మొహియుద్దీన్ చావుకి కాగితాలు టైపు చెయ్యడం అతని వంతయింది. దేహం ఊరికి పంపాలా, ఇక్కడే మట్టి చెయ్యాలా, భార్య ఒప్పుకోలు కావాలి. ఫోన్లో చివరి నంబరు నొక్కాడు. మాట దాచడం రాని మనిషి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

అటువైపునుంచి పెడబొబ్బ వినిపించింది. "అయ్యో ఖాసీం! పోయినావా ఖాసీం!"

"ఖాసీం గాదమ్మా," అన్నాడు ఫయాజ్ మెత్తగా. "ఖాసీం పోయి ఇరవై రెండేండ్లాయె. ఇప్పుడు పోయింది గౌస్ భాయ్. నువ్వు గౌస్ భార్యవే గదా? నీ నోటితోని జెప్పాలె తల్లీ, రాసుకోవాలె."

ఏడుపు టక్కున ఆగిపోయింది. లైను పోయిందేమో అనుకున్నాడు ఫయాజ్. చాలాసేపటికి ఆమె గొంతు వచ్చింది. ఒక్కొక్క మాటా దిగమింగి చెబుతున్నట్టుంది.

"అవునయ్యా. పోయింది గౌసే. నేను ఆయన పెండ్లాన్ని."

"దేహం పంపమంటవా అమ్మా?"

"వద్దు. ఆడనే మట్టి చెయ్యండి. ఆడ ఆయన మనిషొకడు ఒంటిగా ఉండాడు."

నెల తిరక్కుండానే కాగితం సుండుపల్లె చేరింది. ఎంబసీ ముద్ర, పేరు, తండ్రి పేరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. సచివాలయంలో పిల్ల ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా మాబున్నీసాని వితంతువుగా రాసుకుంది. వేలిముద్ర వెయ్యమంటే ఆమె చేతిని ఆ పిల్లే పట్టుకుని వేయించాల్సి వచ్చింది.

ఇక్కడ అల్ తుమామాలో, ఇంటి వెనక డ్రైవరు గది ఖాళీ చేయించడానికి సామాన్లు చూడమని ఫయాజ్‌ని పిలిచారు. బట్టలూ చెప్పులూ ఒక సంచిలోకి వచ్చేశాయి. మంచం కింద, ఊరికి పోయేటప్పుడు తీసుకెళ్లడానికి కట్టిన అట్టపెట్టె ఒకటి కనబడింది. చుట్టూ కొత్త టేపు, పైన నైలాను తాడు. మూత మీద లావుపాటి నీలం మార్కరుతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసి ఉంది: డి. ఖాసీం, సుండుపల్లె.

ఫయాజ్ మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల కిందట చచ్చినవాడి పెట్టెకి పోయిన నెల టేపు ఎవరు చుట్టారు? పుట్టిన తారీఖు చెప్పినప్పుడు ఆ మనిషి తడుముకోలేదెందుకు? ఫోన్లో ఆమె వేసిన కేక చెవుల్లో మోగింది. నోరు విప్పితే ఏమవుతుందో కూడా అప్పుడే తోచింది. అంత కష్టపడి వచ్చిన ఆమె కాగితం చెల్లకుండా పోతుంది.

"ఇదీ పంపాలా?" అని గుమ్మంలోంచి ఇంటివాళ్లు అడిగారు.

"మాఫీ, వద్దు," అన్నాడు ఫయాజ్, కళ్ళు తుడుచుకుంటూ. "ఇది గౌస్ భాయ్‌ది గాదు."

కొత్త డ్రైవరు నేపాల్ నుంచి వచ్చాడు. పెట్టె ఎవరిదో తెలియక, పారెయ్యడానికి మనసొప్పక, గోడవారగా జరిపి దాని మీద నీళ్ల సీసా పెట్టుకున్నాడు. సీసా చెమ్మ దిగి సుండుపల్లె అన్న మాట అలుక్కుపోయింది, ఖాసీం అన్నది మాత్రం ఇంకా చదవొస్తోంది.