కొత్త విరిచిన బూట్లు

తపాలా ఆఫీసు వరండాలో ఆమెకు ఒక చాప, ఒక చెక్కపెట్టె, మూటలు కుట్టే దబ్బనం ఉన్నాయి. పేరు కూడా దబ్బనంతోనే వచ్చింది. తండ్రి బతికున్నప్పుడు ఆయన పెద్ద దబ్బనం, ఈమె చిన్న దబ్బనం. ఆయన పోయి చాలాకాలమైనా, ఈమె నెత్తి నెరుస్తున్నా, ఇంకా చిన్న దబ్బనమే.

బయటి దేశాల నుంచి పనికొచ్చినవాళ్లు ఇళ్లకు పంపుకునే వస్తువులను గుడ్డలో చుట్టి కుట్టడం ఆ తండ్రీకూతుళ్ల పని. ఇప్పుడందరూ అట్టపెట్టెకు టేపు అంటించి చక్కాపోతున్నారు. ఆవేళ వచ్చిందల్లా లెక్కల ఆఫీసు అమ్మాయి ఒక్కతే. చెప్పులు విప్పి చాప మీద కూర్చుంది.

“తిరిగి ఏమీ రాకుండా దేశం దాటిపోయేవన్నీ లెక్క కట్టాలి పిన్నిగారూ. డబ్బు సంగతి బ్యాంకులు చెప్తాయి. మూటల సంగతి చెప్పేవాళ్లు లేరు. ఎక్కువగా ఏవి పోయేవి?”

“బూట్లు,” అంది చిన్న దబ్బనం.

ఆ మాటతో ఖాళీ వరండా ఆమెకు మళ్లీ నిండిపోయింది. లక్క కరిగే వాసన, గోనె నూగు, మెట్ల మీద కూడా జనం. ఆ దేశాల్లో కొత్త వస్తువైతే సుంకం పడేది, వాడినదైతే లేదు. అందుకని కట్టేముందు కొత్త విరవాలి, అంటే కాస్త వాడినట్టు చెయ్యాలి. చొక్కాలైతే ఒకసారి తడిపి ఆరేస్తే సరి. పిల్లల బూట్లకు మాత్రం కాళ్లు కావాలి. ఆ కాళ్లు చిన్న దబ్బనానివి.

“కొత్త విరిచి తీసుకురా. పరిగెత్తకు,” అనేవాడు తండ్రి.

వీధి చివర కుళాయి దాకా నడిచి వచ్చేది. ఎర్రవి, లేసులవి, గజ్జెల్లా మోగే బకిల్సువి. “మహారాణీ, ఈపూట ఎవరి కాళ్లు తొడుక్కొచ్చావే?” అని తోటిపిల్లలు ఏడిపించేవాళ్లు. సాయంత్రానికి బూట్లు మూటలోకి, ఈమె మళ్లీ ఉత్తకాళ్లకి.

బయటి దేశం నుంచి ఓడల యార్డులో పనికొచ్చిన వెల్డరు ఒకాయన ఉండేవాడు. ఈమెకు బాబాయి వరస కలుపుకున్నాడు. ఏటా కూతురికి ఒక జత పంపేవాడు. “మా పిల్లదీ నీ ఈడే. నీ కాలికి పడితే దాని కాలికి పడ్డట్టే,” అని కొనేముందు ఈమెనే కొట్టుకు తీసుకెళ్లి తొడిగించి చూసేవాడు. ఈమెతోపాటు బూట్లూ పెరిగాయి. పెళ్లయ్యాక కూడా ఏడాదికొక పూట కుళాయి దాకా నడక తప్పలేదు.

పోయిన వానల్లో ఆయన పని చాలించుకుని వెళ్లిపోతూ ఈ చాప మీదే కూర్చున్నాడు.

“ఒక్క జతైనా మా పిల్లకి సరిపోయిందంటావా అమ్మాయ్?”

“అదేంటి బాబాయ్, సెలవుకు వెళ్లినప్పుడు చూడలేదా?”

“వెళ్లిందే తక్కువ. వెళ్తే తలుపు చాటున దాక్కునేది. ఇంట్లో అడిగితే బాగున్నాయంటారు. పంపినవన్నీ వాళ్లకి బాగుంటాయి. చొక్కా చేతులు మోకాళ్ల దాకా వేలాడినా బాగుందనే అంటారు.” వంగి ఈమె పాదాలకేసి చూశాడు. “నేను పెంచింది నీ కాళ్లనేమోనని భయంగా ఉంది.”

“వెళ్లగానే చూసి కబురు చెయ్యి,” అంది. కబురు రాలేదు. పోస్టుమాన్ సంచీ దించినప్పుడల్లా ఆమె చెయ్యి కుట్టు మధ్యలో ఆగేది. సరిపోలేదని తెలిసే చెప్పలేదేమో అనుకునేది.

లెక్కలమ్మాయి ఇంకేదో అడగబోతుంటే పోస్టుమాన్ వచ్చాడు.

“చిన్న దబ్బనం, ఊరందరికీ మూటలు కట్టావు. నీకొకటి వచ్చింది, పట్టు.”

గుడ్డమూట. కుట్టు లావుగా, ముద్దలు ముద్దలుగా, ఇనుము అతికిన గీతలా సాగింది. ఎవరి చెయ్యో ఆమెకు చెప్పక్కర్లేదు. దారం తెంపింది. గోధుమరంగు బూట్లు. అడుగున గీతలు పడ్డాయి, మడమ దగ్గర కాస్త మట్టి ఎండిపోయి ఉంది.

“అయ్యో, వాడేసినవి పంపారే,” అంది లెక్కలమ్మాయి.

“వాడినవి కావమ్మా. కొత్త విరిచినవి. ఇక్కడా సుంకం ఉంటుందని వీటితో నడిచింది వెల్డరు బాబాయి కూతురు.”

ఆ మాట అన్నాకగాని ఆమెకు అసలు సంగతి తట్టలేదు. ఈ జత తన కాలికి పడితేనే కదా ఆ పిల్ల నడిచేది. ఇక ఈ కాళ్లకీ పడితే, ఇన్నేళ్లు పంపినవన్నీ ఆ పిల్లకి సరిపోయినట్టే. ఎడమది తొడిగింది. కుడిదీ తొడిగింది. లేచి నిలబడింది. వేళ్లు నొక్కలేదు, మడమ జారలేదు. అతికినట్టు ఉన్నాయి.

“నీ కొలత తప్పలేదు బాబాయ్,” అంది వీధికేసి చూస్తూ.

“దీన్ని ఎందులో రాయమంటారు పిన్నిగారూ?”

“నీ కాయితం పోయేవాటికి కదా. ఇది వచ్చింది. వేరే కాయితం తెచ్చుకో.”

లెక్కలమ్మాయి నవ్వి కలం మూసింది. చిన్న దబ్బనం మెట్లు దిగి కుళాయి దాకా నడిచింది. అక్కడ వెనక్కి తిరగడం అలవాటు. తిరగలేదు. పక్కవీధిలోకి మళ్లింది. సాయంత్రానికి విప్పి ఇవ్వాల్సిన పని లేదు.