గేర్ ఆయిల్ మార్చిన పూట

మా ఆయన జీవన్ మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగో రోజు పొద్దున ఏడింటికి టిప్పర్ తెచ్చి వాకిట్లో నిలిపి, దిగుతూనే, "రజనీ, బిన్నా ఇంత సంగటి పెట్టు. పన్నెండుకు యశ్వంతనగర్ కాడ లోడింగుండాది" అన్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

తింటూ తింటూ నవ్వుతూ ఒక సంగతి చెప్పాడు. తెల్లవారుజామున ఘాట్ దిగుతుంటే ఎనుముల మంద అడ్డం వచ్చిందట. ప్రాణం పోయేలా బ్రేకు తొక్కాడట. దిగి చూస్తే ఒక్క ఎనుమూ లేదు.

"కల వచ్చినాది మే, కండ్లు తెరుసుకోని ఉండంగానే!" అని పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 

ఆ ఏళ్ళలో మా జిల్లాలో నిద్రపోయేవాణ్ణి చేతకానివాడి కింద జమకట్టేవాళ్ళు. చైనావాళ్ళకు మా కొండల ఇనుప మన్ను కావాలి, ఎంత తోడినా చాలదు. వేరుశనగ పండించే రైతులు చేలు బీడు పెట్టి టిప్పర్లు కొన్నారు. మా ఆయనా కొన్నాడు. సేద్యం చేసేటప్పుడు మధ్యాహ్నం ఒక కునుకు తీయందే లేవని మనిషికి, 'ఇంకొక్క ట్రిప్పు' అనే జబ్బు పట్టుకుంది. ఏడ్చి చూశాను, అలిగి చూశాను. తాళంచెవి దాస్తే రెండోది తీసుకుని పోయాడు. బండి కదిలినంత కాలం ఈ మనిషి పడుకోడని నాకు అర్థమైపోయింది. కాబట్టి బండే కదలకూడదు.

"గేరు గట్టిగా పడతాందంటివే మొన్న. ఆయిలు మార్చుకొని పో" అన్నాను.

వెంటనే ఒప్పుకున్నాడు. గేర్ ఆయిల్ ఎప్పుడూ ఇంటి దగ్గరే మారుస్తాడు. ఒకసారి ఎవడో షెడ్డువాడు కొత్తది అని చెప్పి పాత ఆయిలే వడగట్టి పోసినప్పటి నుంచి ఎవరినీ నమ్మడు. కొత్త ఆయిల్ క్యాను నెల నుంచీ వసారా మూలలో ఉంది. బండి ఇప్పుడే వచ్చింది, లోపలి ఆయిల్ వేడిగా, పలచగా ఉంటుంది, గంటలో పని ముగుస్తుందని ఆయన ఆలోచన.

చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి కిందికి దూరాడు. ముందుగా గేర్ బాక్సుకు పక్కన, ఆయిల్ పోసే నట్టు వదులు చేశాడు. ఉన్నదంతా కార్చేశాక ఆ నట్టు ఊడిరాకపోతే కొత్తది పోసే దారి ఉండదు కదా. అంత ముందుచూపు! నట్టు మీద ఉన్న శ్రద్ధలో సగం తన ఒంటి మీద ఉంటే నాకీ తిప్పలు ఎందుకు? ఆ తర్వాత అడుగు నట్టు విప్పాడు. నల్లటి ఆయిల్ టబ్బులోకి దిగింది. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి బుర్ర ఉంటుంది, క్రౌన్ అంటారు డ్రైవర్లు. దాని ఆయిల్ కూడా కార్చాడు. నట్టుకున్న అయస్కాంతం నిండా సన్నటి ఇనుప పొడి అంటుకుని వచ్చింది.

"సూడు మే, లోపల చక్రాల పండ్లు అరుగుతాండాయి" అన్నాడు దిగులుగా.

"బండి అరిగేది కనపడతాది నీకు" అన్నాను. 

ఆయన కింద ఉండగానే నేను క్యాను ఎత్తుకుని గాదె వెనక్కి నడిచాను. వసారాలో మా అత్త సుభద్రమ్మ చాటలో శనగవిత్తనాలు ఏరుతోంది. మా ఇద్దరికీ కూరలో ఉప్పు దగ్గర నుంచీ పడదు. ఇప్పుడు కొడుకును కేకేస్తుందనుకున్నాను.

"ఆడ దొరుకుతాది. ఈడ పెట్టు" అంది మెల్లగా. క్యాను గోడకు ఆనించి, గోనెసంచి కప్పి, దాని మీదే కూర్చుని మళ్ళీ చాట అందుకుంది. ఆ క్షణాన కాళ్ళకు మొక్కాలనిపించింది.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "క్యాను యాడ మే?"

"నాకేం తెలుసు? నువ్వే యాడన్నా పెట్టింటావు."

"మా, నువ్వు సూడలేదా?"

"నేను ఇత్తనాలు సూస్తాండానప్పా, క్యాన్లు సూస్తాండానా?" అంది అత్త.

ఇల్లంతా వెతికాడు. కొట్టంలోకి వెళ్ళి, చేతిలో పలుపుతాడుతో బయటికి వచ్చాడు. దానివంక చాలాసేపు చూసి, "ఇది ఎందుకు తెచ్చినా?" అని నన్నే అడిగాడు. ఎనుముల మాట కన్నా ఈ మాటకు ఎక్కువ భయపడ్డాను.

అంతలో ఫోను మోగింది. లోడింగు దగ్గర నుంచి. "వస్తాండా, వస్తాండా" అని పెట్టేశాడు. "పోనీలే, పాత ఆయిలే పోసుకొని పోతా" అంటూ టబ్బు వైపు వంగాడు.

ఇది నేను అనుకోలేదు. పరుగెత్తి టబ్బు అంచు మీద కాలుపెట్టి తోసేశాను. నల్లటి ఆయిల్ ఎర్ర దుమ్ములో వాకిలంతా పారింది.

"తిక్క పట్టినాదా మే?" అని చెయ్యెత్తాడు. పెళ్ళయినప్పటి నుంచి ఎత్తని చెయ్యి.

"జీవనా!" అని అరిచింది అత్త. అరిచింది కానీ క్యాను మీద నుంచి లేవలేదు.

"కొట్టు. కొట్టి పండుకో" అన్నాను. "ఎనుములు లేని తావున ఎనుములు కనపడతాండాయి నీకు. రేపు మనుషులు ఉండే తావున మనుషులు కనపడరు. నాకు టిప్పర్ వద్దు. నువ్వు గావల్ల నాకు."

చెయ్యి దించాడు. ఫోను తీసి, లోడింగుకు మా ఊరి మీదుగానే పోయే తోటి డ్రైవరు హులిగప్పకు చేశాడు. "వచ్చేటప్పుడు గేర్ ఆయిలు తేప్పా, బేగ" అన్నాడు. నా పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరు. అడుగు నట్లు బిగించడానికి మళ్ళీ బండి కిందికి దూరాడు. పానా చప్పుడు రెండుసార్లు వినిపించింది. ఆ తర్వాత వినిపించలేదు. వంగి చూస్తే పానా చేతిలోనే ఉంది, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

నాకు నిలకడ లేదు. గేటు దాకా పోతాను, మళ్ళీ వస్తాను. రోడ్డు మీద ఏ లారీ శబ్దమైనా హులిగప్పదే అనిపిస్తుంది. కోళ్ళను తరిమాను, ఈగలను తోలాను. అరగంట గడిచిందో, గంట గడిచిందో తెలియదు. గేటు ముందు హులిగప్ప లారీ ఆగింది, నేను చెయ్యి ఊపేలోపే పొడుగ్గా హారన్ కొట్టాడు.

మా ఆయన లేవలేదు. బండి కింద నుంచి బయటికి ఉన్న కుడి పాదం ఒక్కసారిగా బిగుసుకుని గాలిలో బ్రేకు తొక్కింది. తొక్కి అలాగే వణుకుతూ నిలిచింది. వెంటనే ఎడమ కాలూ తొక్కింది. అత్త చాట పక్కన పెట్టి లేచి నిలబడింది.

హులిగప్ప క్యాను పట్టుకుని లోపలికి వచ్చాడు. "ఏనాయ్తక్కా?" అని కన్నడంలో ఏమైందని అడిగాడు. నేను ఆ పాదాల వైపు చూపించాను. కాసేపు చూశాడు. క్యాను చప్పుడు కాకుండా కింద పెట్టి, పోయి తన లారీ ఇంజను ఆపేశాడు.

నేను ఆ ఆయిల్లోనే చతికిలబడి, రెండు పాదాలూ ఒడిలో పెట్టుకున్నాను.

"నిలబడినాదప్పా, బండి నిలబడినాది. పండుకో" అన్నాను.

నా మాట నమ్మనట్టు, ఆ కుడి కాలు ఇంకా తొక్కుతూనే ఉంది.