వెనక ఎడమ తలుపు అద్దం

అరవ నెల ఐప్పసి వానలు మొదలైన రోజునే శివగామి కారులో కూచుని తడిసిపోయింది. కంటి డాక్టరును చూసి నటేశన్ నగర్‌లోని ఇంటికి తిరిగి వస్తుంటే వాన ఒక్కసారిగా కొట్టింది. కారు నడుపుతున్న కోడలు నిర్మల వెంటనే స్విచ్చి నొక్కింది. ముందు అద్దాలు మూలుగుతూ పైకెక్కాయి. అత్త కూచున్న వెనక ఎడమ తలుపు అద్దం మాత్రం సగం దాకా వచ్చి ఆగింది, కాస్త కదిలింది, మళ్ళీ ఆగింది. ఇల్లు చేరేసరికి అత్త భుజమూ చీరా సీటూ అన్నీ నీళ్ళే.

దిగుతూ శివగామి ఒకే మాట అంది. "కాలేజీలో పిల్లలకు కరెంటు పాఠం చెప్తావంట. మన ఇంటి అద్దం ఎక్కించేదానికి మాత్రం రాదు."

నిర్మల సీటు మీది నీళ్ళు తుడిచింది. పదమూడేళ్ళ కాపురంలో అత్తకు బదులు చెప్పకుండా ఉండడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ ముదురాకుపచ్చ కారును శివగామి భర్త ముప్పై ఏళ్ళ కిందట సింగపూరు నుంచి ఓడలో తెప్పించాడు. స్విచ్చి నొక్కితే అద్దం దిగే కారు అప్పట్లో ఊళ్ళో వింత. ఆయన పోయాక కొడుకు బాలమురుగన్ సిమెంటు వ్యాపారానికి వేరే బండి కొనుక్కున్నాడు. పాత కారు నిర్మల చేతికి వచ్చింది. ఆమె పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ లాబు చూసుకునేది. మెకానిక్కులెవరూ ఆ కారు తలుపులు విప్పకూడదని శివగామి పట్టు. ఒకసారి ఎవడో విప్పి, లోపలి అట్ట చించి పెట్టాడు.

ఆ అద్దంతో శివగామికి ఇంకో బాధ కూడా ఉంది. ఆమె ఆకు వక్క వేసుకుంటుంది. ఉమ్మేయాలంటే అద్దం దిగేదాకా నోరు పట్టుకుని కూచోవాలి. బండి ఆపి తాళంచెవి తీసేశాక అయితే అసలు దిగదు. దాని గురించి నిర్మల రోజూ ఏదో ఒక మాట పడేది.

తలుపు తానే విప్పుతానని నిర్మల అడిగింది. శివగామి ఒప్పుకుంది కానీ, అట్ట చినిగితే ఊరుకోనని ముందే చెప్పింది.

మీటరు పెట్టి చూస్తే సంగతి తేలింది. బ్యాటరీ దగ్గర కరెంటు బాగానే ఉంది. సన్నటి పాత వైర్లలో, అరిగిపోయిన స్విచ్చిలలో తిరిగి తిరిగి తలుపులోని మోటారుకు చేరేసరికి సగం బలం పోతోంది. దానికి మందు రిలే. అగ్గిపెట్టంత డబ్బా అది. స్విచ్చి సైగ చేస్తే చాలు, బ్యాటరీ బలాన్ని లావు వైరు గుండా నేరుగా మోటారుకు వదులుతుంది. ఒక్కో అద్దానికి రెండు కావాలి, ఎక్కడానికొకటి, దిగడానికొకటి. ఒర్లియంపేటలో పాత బండ్ల సామాను అమ్మే అంగడికి వెళితే కొత్తవి ఒకటి తక్కువయ్యాయి. వారం ఆగమన్నాడు అంగడివాడు. ఆమె ఆగలేదు. ఏదో లారీలోంచి ఊడదీసిన పాతది ఒకటి తీసుకుంది.

ఆదివారమంతా షెడ్డులోనే ఉంది. ముందు తలుపుల్లో అద్దం జారే గాడిని శుభ్రం చేసి, లోపలి బట్ట పట్టీలు మార్చింది. వెనక తలుపుల దగ్గరికి వచ్చేసరికి వెలుతురు తగ్గింది. ఎడమ తలుపు పట్టీ ఎండి కొయ్యలా గట్టిపడి ఉంది. దాన్ని మార్చాలని ఆమెకు తెలుసు. కానీ రిలే పెట్టి నొక్కితే అంత బిర్రు గాడిలోనూ అద్దం జర్రున ఎక్కేసింది. పట్టీ తర్వాత చూద్దామనుకుంది. తాళం తీసేసినా అద్దం పనిచేసేలా వైరును బ్యాటరీకే కలిపింది, అది అత్త కోసం. రిలేలన్నీ ముందు ఎడమ సీటు ఎదురుగా, డాష్‌బోర్డు కింద వరసగా బిగించింది.

మర్నాడు శివగామి వచ్చి వెనక సీట్లో కూచుని స్విచ్చి నొక్కి చూసింది. అద్దం దిగింది, ఎక్కింది. రెండోసారి కూడా చూసింది. "ఇప్పుడు బాగుంది," అంది. నిర్మలకు ఆ రోజంతా అదే మాట చెవుల్లో ఉంది.

ఆ వారమే చేపల కోసం ఇద్దరూ కురుచికుప్పం వెళ్ళారు. శివగామి ఎప్పుడూ కనగం అనే ఆమె దగ్గరే కొంటుంది. పడవలు ఆగేచోటికి కాస్త ఇవతల, ఇసుక మొదలయ్యేచోట నిర్మల కారు ఆపి తాళం తీసింది. కనగం గంప తీసుకుని వెనక కిటికీ దగ్గరికి వచ్చింది. శివగామి అద్దం దించింది, ఇద్దరూ అరవంలో బేరం మొదలుపెట్టారు. నిర్మల సంచి కోసం ముందుకు వంగింది.

శివగామి ఉమ్మడానికి తల బయట పెట్టింది. వంగినప్పుడు బరువంతా తలుపు మీది చేతిపిడిపై, మోచేతి మీద ఆన్చింది. స్విచ్చి ఉన్నది అక్కడే.

నిర్మలకు ముందు మోటారు చప్పుడు వినబడింది. ఆ వెంటనే చేతి గాజులు తలుపుకు టకటకా కొట్టుకున్న చప్పుడు. వెనక్కి తిరిగితే అత్త తల బయట ఉంది, ఒళ్ళు లోపల ఉంది. అద్దం అంచు గొంతు కింద ఆనింది. కేక లేదు. కాళ్ళు మాత్రం సీటును తన్నుతున్నాయి. మోచెయ్యి స్విచ్చి మీంచి ఎప్పుడో జారిపోయింది, మోటారు మాత్రం ఆగలేదు.

కనగం గంప వదిలేసి రెండు చేతులతో అద్దం అంచు పట్టుకుని వేలాడింది. నిర్మల తన తలుపు మీదున్న వెనక అద్దం స్విచ్చిని కిందికి నొక్కింది. అద్దం ఆగింది, దిగలేదు. వేలు తీసింది. మళ్ళీ బిగిసింది. మళ్ళీ నొక్కి పట్టుకుంది.

అప్పుడు ఆమెకు అర్థమైంది. ఎక్కించే రిలే లోపల అంటుకుపోయింది. తాళం తీసే ఉంది, వైరు నేరుగా బ్యాటరీకే ఉంది, తీయడానికి ఇంకేమీ లేదు. తను నొక్కి పట్టుకున్నంతసేపూ రెండు రిలేలూ ఎదురెదురు లాగి, అద్దం ఉన్నచోట ఉంటుంది. కానీ ఇక్కడి నుంచి ఆ రిలేలు చేతికందవు.

"అక్కా, చెయ్యి లోపల పెట్టు. నల్ల స్విచ్చి. దాన్ని కిందికి నొక్కి పట్టుకో. ఏం జరిగినా వదలొద్దు," అని అరవంలో కనగానికి చెప్పింది. కనగం సందులోంచి చెయ్యి దూర్చి, తడిమి, నొక్కింది. నిర్మల తన వేలు తీసి చూసింది. అద్దం కదల్లేదు.

ఈలోగా పడవల దగ్గరి మనుషులు పరిగెత్తుకొచ్చారు. ఒకతను తెడ్డు ఎత్తాడు. అద్దం పగలగొడతానన్నాడు. శివగామి మొహం కమిలిపోతోంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆ గొంతు మీదే అద్దం పగిలితే ఏమవుతుందో నిర్మలకు తెలియదు. పగలగొట్టకపోతే ఏమవుతుందో కూడా తెలియదు.

"కొట్టొద్దు," అంది. "తలను కింద నుంచి ఎత్తి పట్టుకోండి."

అతను ఒక్క క్షణం ఆమె వైపు చూసి, తెడ్డు కింద పడేసి, రెండు అరచేతులూ శివగామి గడ్డం కింద పెట్టాడు.

నిర్మల పక్క సీటు మీద బోర్లా పడి డాష్‌బోర్డు కింద తల దూర్చింది. అన్నీ ఒకే రకం నల్ల డబ్బాలు, అన్నిటికీ ఒకే ఎర్ర వైరు. ఏది ఏ తలుపుదో రాసి అంటిద్దామని ఆదివారం అనుకుని మానేసింది. ఆ చీకట్లో ఆమెకు వరస గుర్తు రాలేదు. అన్నీ పీకేస్తే అద్దం ఆగుతుంది, కానీ ఉన్నచోటే బిగుసుకుని ఉంటుంది. ఆ మోటారును చేత్తో వెనక్కి తిప్పలేరు.

వేళ్ళతో ఒక్కొక్కటే తాకుతూ పోయింది. చల్లగా ఉంది. చల్లగా ఉంది. తర్వాతది చుర్రుమంది. చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది. మళ్ళీ పెట్టి, గట్టిగా పట్టుకుని లాగింది. వేలి చర్మం దానికే అంటుకుంది. డబ్బా ఊడి కారు అడుగున పడింది.

"దిగిందా?"

లేదన్నారు. కనగం నొక్కే ఉంది, అద్దం మాత్రం అక్కడే ఉంది.

 వెనక నుంచి కాళ్ళ తన్నులు తగ్గాయి. నిర్మల తల వంచుకుని, లాబులో పిల్లలకు బోర్డు మీద గీసే బొమ్మను కళ్ళ ముందుకు తెచ్చుకుంది. కరెంటు దిగే రిలే గుండా మోటారులోకి పోతుంది. పోయింది తిరిగి రావాలి కదా. అది తిరిగి వచ్చేది ఇప్పుడు తను పీకేసిన ఎక్కే రిలే గుండానే. ఆ గూడు ఖాళీగా ఉంటే దారి లేదు.

చివర ఉన్న డబ్బాను పీకింది, అది తన తలుపుదని మాత్రం గుర్తుంది. ఖాళీ గూడు వెతికి, డబ్బా అడుగునున్న ఇనుప కాళ్ళు సరిగా దూరేదాకా తిప్పి, అరచేత్తో నొక్కింది.

జర్రుమని చప్పుడు. ఎవరో "వందురుచ్చు" అన్నారు, వచ్చేసిందని.

శివగామిని ఇసుక మీద పడుకోబెట్టారు. చాలాసేపు ఆమె ఊపిరి గురకలా వచ్చింది. అదే కారులో, అద్దాలు ఎలా ఉన్నవి అలాగే ఉండగా, నిర్మల ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కనగం వెనక సీట్లో శివగామి తలను ఒళ్ళో పెట్టుకుని కూచుంది. చేపల గంప ఏమైందో ఎవరూ అడగలేదు.

ఎముకేమీ విరగలేదని డాక్టరు చెప్పాడు. గొంతు వాపు తగ్గేదాకా మాట్లాడకూడదన్నాడు. బాలమురుగన్ వచ్చి తల్లిని చూసి, భార్య చేతికట్టు చూసి, ఆ కారును ఎవరికో ఒకరికి ఇచ్చేస్తానన్నాడు. ఎవరూ కాదనలేదు. శివగామి మెడ చుట్టూ నల్లటి గీత, పైన తెల్ల గుడ్డ. ఇంటికొచ్చాక కూడా ఆమె సైగలతోనే గడిపింది. నిర్మల గంజి పోసిన ప్రతిసారీ ఆమె కళ్ళలోకి చూడలేకపోయేది.

మాట కాస్త వచ్చిన రోజు శివగామి కోడల్ని పిలిచి పక్కన కూచోమంది. నిర్మల కూచోలేదు. నిలబడే చెప్పింది.

"పాత రిలే అత్తా అది. నేనే పెట్టినా. తెలిసే పెట్టినా. పట్టీ కూడా మార్చలేదు."

"ఎందుకు?" గాలి మాత్రమే బయటికి వచ్చింది.

"ఇంకో వారం ఆగితే మీరు ఏమంటారో అని."

శివగామి మెడ మీది తెల్ల గుడ్డ సర్దుకుంది. కోపం వస్తుందని నిర్మల ఎదురుచూసింది. ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది కూడా.

"నా మాటకు ఇంత బయపడతావని నాకు తెలీదమ్మే," అంది శివగామి చివరికి. "తెలిసుంటే నోరు మూసుకునుందునేమో. మూసుకునుండనేమో. యాడ చెప్పేది." మింగడానికి కష్టపడి మళ్ళీ అంది. "కారు ఇయ్యొద్దని వాడితో చెప్పు. నువ్వు మళ్ళీ చెయ్యి. ఈసారి నేను కూడా కూచుంటా."

అలాగే కూచుంది, షెడ్డులో కుర్చీ వేసుకుని, టార్చి లైటు పట్టుకుని. నిర్మల తలుపులన్నీ విప్పింది. గట్టిపడిన పట్టీలు ముక్కలు ముక్కలుగా ఊడొచ్చాయి. కొత్తవి వేసింది. కొత్త రిలేలు పెట్టి, ఒక్కోదానికి పేరు రాసి అంటించింది. మోటారు ఎక్కడైనా తట్టుకుంటే దానంతటదే కరెంటు తెగిపోయే బ్రేకరు ఒకటి చెన్నై నుంచి వచ్చేదాకా ఆగింది. వెనక స్విచ్చిలను పిడి మీంచి తీసి, చెయ్యి ఆనని చోట పెట్టింది. తాళం తీస్తే అద్దాలు కదలకుండా చేసింది. మధ్యలో శివగామి టార్చి వేరే వైపు తిప్పితే, "ఇటు పట్టుకోండత్తా, కనబడలేదు," అని నిర్మల కాస్త గట్టిగానే అంది. అన్నాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. శివగామి టార్చి ఇటు తిప్పింది.

పని ముగిశాక అద్దం సందులో బీరకాయ పెట్టి నొక్కారు. అద్దం ఎక్కి, కాయకు తగిలి, తొక్క మీద గీత పెట్టి ఆగిపోయింది. శివగామి కాయను తీసి, ఆ గీతను బొటనవేలితో తడిమి చూసింది. తర్వాత తలుపు తెరుచుకుని వెనక సీట్లో కూచుంది. బయలుదేరమంది.

నిర్మల అద్దాలన్నీ దించి బండి తీసింది. వీధి మలుపు దాకా ఆమె కళ్ళు ముందున్న దారి మీద కన్నా పైనున్న చిన్న అద్దం మీదే ఉన్నాయి. శివగామి సీటు మధ్యలో, కిటికీకి దూరంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. సముద్రపు గాలి రెండు వైపుల నుంచీ వస్తోంది.

"చలేస్తే చెప్పండత్తా," అంది నిర్మల.

"చెప్తాలే," అంది శివగామి.