కుడివైపు నుంచి కొలత

బోర్డు అంచుకు టేపు కొక్కెం తగిలించేసరికి కింద నుంచి వేడి టీ వచ్చి నిచ్చెన మీదున్న బుడే పాదాల మీద పడింది.

"దిగరా! నా బోర్డు కొలవడానికి నువ్వెవడివిరా?" అంటూ హోటలు యజమాని గ్లాసు కూడా విసిరాడు. బుడే కొలత చెప్పి, దిగి, కాళ్ళు తుడుచుకున్నాడు.

మున్సిపాలిటీ తరఫున కొట్ల బోర్డులు కొలవడం అతని పని. రూలుకి మించిన ముక్కను వెనకాల వచ్చే కటింగ్ మిషను నిప్పులు చిమ్ముతూ కోసేస్తుంది. దెబ్బలు మాత్రం ముందు నిచ్చెన ఎక్కినవాడికి. ఎవడో కొరికిన చెవి తమ్మె, ఎవడో తలుపు సందున పెట్టి నొక్కిన బొటనవేలు. అతని సర్వీసంతా ఒంటి మీదే ఉంది.

పొద్దున గుమ్మంలో భార్య జాన్‌బీ రోజూ చెప్పేదే చెప్పింది. "నిచ్చెన మీద నుంచి ఎవరితోనూ వాదం పెట్టుకోకండి. ఏదైనా దిగాక చెప్పండి."

"అట్టాగేలే, వస్తా" అన్నాడు. పోతానన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు.

మధ్యాహ్నానికి మిర్చి యార్డు రోడ్డులో బుల్లయ్య పురుగుమందుల కొట్టు మిగిలింది. బోర్డుకి ఎడమ కొసన మందు సీసా బొమ్మ. కుడి కొసన నవ్వుతున్న కుర్రాడు, బుల్లయ్య కొడుకు శ్రీకృష్ణ. పోయిన వేసవిలో వాడరేవు సముద్రం మింగేసింది. ఆ ఫొటో కోసమే బుల్లయ్య బోర్డు పెంచాడు.

కొలత ఎప్పుడూ ఎడమ నుంచే మొదలు. మిగిలింది కుడిపక్క కోస్తారు. బుడే నిచ్చెనను కుడి కొసకు లాగాడు.

"అటెందుకు భాయ్?" అన్నాడు నిచ్చెన పట్టుకునే చెంచయ్య.

"ఇటునుంచి కొలిస్తే కోత అటు పడుద్ది. సీసా పోతే పోయింది, పిల్లోడు ఉంటాడు."

"ఆఫీసరు ఊరుకుంటాడా?"

"ఎటునుంచి కొలిచినా కొలత కొలతేగా!"

బుల్లయ్య లోపల బేరంలో ఉన్నాడు. ఎక్కడ కొయ్యాలో గీత గీశాక చూపించి చెబుదామనుకున్నాడు బుడే. ఎక్కి, కుర్రాడి భుజం పక్కన కొక్కెం తగిలించాడు. రేకు చప్పుడుకి బుల్లయ్య బయటికొచ్చాడు. చేతిలో షట్టరు లాగే ఇనపకడ్డీ.

"ఒరేయ్! నా బిడ్డని కోస్తారంట్రా? సముద్రం తిన్నది చాలదంట్రా?"

బుడే నోరు తెరిచాడు. జాన్‌బీ మాట గుర్తొచ్చి, దిగి చెబుదామని కాలు కింది మెట్టు మీదికి దించాడు.

కడ్డీ మోకాలి చిప్ప మీద పడింది. రెండో దెబ్బకి నిచ్చెన చెంచయ్య చేతుల్లోంచి ఎగిరిపోయింది. బుడే తల కొట్టు ముందున్న గ్రానైటు మెట్టుకు కొట్టుకుంది. నల్లరాయి మీద నెత్తురు కనపడలేదు. రోడ్డు దుమ్ములోకి జారాకే అందరూ చూశారు.

చెంచయ్య బుల్లయ్య గుండెల మీద గుద్దాడు. "సీసా వైపు కోయిద్దామన్నాడయ్యా! నీ పిల్లోణ్ణి ఉంచుదామనే అటు ఎక్కాడయ్యా!"

బుల్లయ్య కూలబడి బుడే తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. "చెప్పొచ్చు గదరా... ఒక్క మాట చెప్పొచ్చు గదరా!"

"దిగాక..." అన్నాయి బుడే పెదవులు. మళ్ళీ కదలలేదు.

అతన్నీ, బుల్లయ్యనీ వేరువేరు బండ్లలో తీసుకెళ్ళారు. పైన టేపు మాత్రం కుర్రాడి భుజం పట్టుకుని వేలాడుతూ, మిర్చి లారీలు పోయినప్పుడల్లా మందు సీసా వైపు సాగి, అందక వెనక్కి వస్తూ ఉంది.