దిమ్మె మీద తట్టెడు మట్టి

వెంకటమ్మ చూడని సర్కారు పథకం లేదు. చిన్నప్పుడు పనికి ఆహారమని గోధుమలు పంచారు. పెళ్లయ్యాక బర్రెల లోను వచ్చింది. ఆ బర్రె ఎండాకాలం దాటకుండానే చచ్చింది. ఏది వచ్చినా ఏది పోయినా, ఏటా గుంపు మేస్త్రి లారీ మాత్రం కొత్తకోట రోడ్డు మీదికి తప్పకుండా వచ్చేది. ఎక్కడ డ్యాం కడితే అక్కడికి కూలీలను తోలుకుపోయేది. మట్టి మోసి మోసి ఆమె బతుకు అక్కడే అరిగిపోయింది.

ఇప్పుడు ఆ లారీ ఆమె కొడుకు సతీష్ కోసం వస్తోంది. అతనితో పాటు కోడలు మనీషా, బడికి పోతున్న మనవరాలు రజిత కూడా ఎక్కాల్సిందే. సతీష్ ఒకటే మాట అన్నాడు: ఊరి కుంటలో నడుస్తున్న సర్కారు కరువు పనికి కూలి సరిగ్గా పడితే ఉంటాం, లేకుంటే పూనా పోతాం. అప్పటినుంచీ వెంకటమ్మ కంటి మీద కునుకుంటే ఒట్టు.

మట్టి తవ్వేటప్పుడు నడుమ ఒక దిమ్మెను ముట్టుకోకుండా వదిలేస్తారు. పాత నేల ఎంత ఎత్తున ఉండేదో అది చెబుతుంది. దాన్ని కొలిచే కూలి కడతారు. డ్యాముల దగ్గర మేస్త్రి టేపు ఎప్పుడూ తక్కువే చూపేది. అందుకే గుంపులో ఆడవాళ్లు దిమ్మె నెత్తిన తట్టెడు మట్టి పోసి, పైన గడ్డి పెళ్ల అతికించేవాళ్లు. దొంగతనమంటారా? అనండి, మీ కడుపు నిండి ఉంది కదా! వెంకటమ్మ చేతికి ఆ అలవాటు పోలేదు. ఎవరూ చూడకుండా కుంటలోనూ అదే పని చేసింది.

కొలత రోజు సాంసన్ వచ్చాడు. పని కొలిచి రాసే ఉద్యోగి, అమ్రాబాద్ దిక్కు పిల్లగాడు. మిగతా దిమ్మెల మీద గడ్డి పచ్చగా ఉంది, ఒక్కదాని మీద వాడిపోయింది. వేలితో నొక్కితే మట్టి కదిలింది. ఎవరు చేశారని అడిగాడు. ఇట్లాంటిది పైకి రాస్తే పని మొత్తం ఆగిపోతుందని కూడా చెప్పాడు. సతీష్ పార కింద పెట్టేశాడు. అది చూసి వెంకటమ్మ ముందుకొచ్చింది.

"నేనే పెట్టిన సారూ. వీళ్లకు తెల్వదు. నన్ను తీసెయ్యి, పని మాత్రం ఆపకు. ఆపితే నా మనవరాలు లారీ ఎక్కుతది."

సాంసన్ ఆ గడ్డి పెళ్లను ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు.

"మా అమ్మ గూడ గిట్లనే అతికిచ్చేది పెద్దమ్మా," అన్నాడు. "నేను డ్యాం కట్ట మీదనే పుట్టిన. గిక్కడ మేస్త్రి లేడు. ఇంకోసారి గిట్ల చెయ్యకు."

తనే వంగి ఆ దొంగ మట్టిని చేత్తో దులిపేశాడు. టేపు కొస ఆమె చేతికిచ్చి పట్టుకోమన్నాడు. తవ్వినంతా రాశాడు, వెంట్రుకవాసి తగ్గించలేదు. పోసిన మట్టి లేకుండానే పూర్తి కూలికి కొలత సరిపోయింది. తవ్విందంతా తవ్వినట్టే ఒప్పుకున్న మనిషిని వెంకటమ్మ అంతకుముందు చూడలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈ కాస్త న్యాయానికి ఇంత బతుకు పట్టిందే అని కడుపు మండింది కూడా.

ఇంటికొస్తే పూనాకు కట్టిన మూట గోడవారగా ఉంది. రజిత అందులో తన బడి డ్రెస్సు దోపి పెట్టుకుంది. అక్కడ బడెక్కడిదే అని మనీషా ఎన్నిసార్లు తీసినా మళ్లీ దోపేది. సతీష్ మూట ముడి విప్పాడు. మనీషా ఆ డ్రెస్సు తీసి, గట్టిగా దులిపి, పొద్దున తొడగడానికి దండెం మీద వేసింది.