పంటికింద పాకం

ఎడమవైపు వదిలేసి, కుడివైపు ఒక్కటే బ్రష్షుతో తోముకుని, పాకమ్మ నోరు పుక్కిలించింది. అయినా సింకులోకి నీళ్ళు ఎర్రగానే వచ్చాయి. తోమితే రక్తం, తోమకపోతే వాసన. ఏం చేసినా తప్పే అయినప్పుడు ఏం చెయ్యాలో, అద్దంలో ఉన్న మనిషికి కూడా తెలిసినట్టు లేదు.

వెనకాల భర్త బొగ్గుపొడి డబ్బా పట్టుకుని తన వంతు కోసం నిలబడ్డాడు.

"ఈ పొడి వేసి గట్టిగా రుద్దమంటే వినవు కదా. నా పళ్ళు చూడు, ఎలా మెరుస్తున్నాయో."

"చల్లనీళ్ళు తాగి గంతులేసేది ఎవరు మరి?"

"అది నీళ్ళ తప్పు" అన్నాడు ఆయన, డబ్బా మూత తిప్పుతూ.

ముప్పై ఏళ్ళుగా రుద్ది రుద్ది, చిగుళ్ళ దగ్గర ఆయన పళ్ళకి గొడ్డలితో నరికినట్టు గాట్లు పడ్డాయి. ఆయనకి గాట్లు, ఆమెకి రక్తం. ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఒక ముద్ద నిమ్మళంగా నమలగలిగేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆమె నాలుకకి ఈమధ్య ఒక చెడ్డ అలవాటు అయింది. ఊరికే ఉండదు. ఎడమవైపు కింద కదులుతున్న దవడ పన్ను దగ్గరికి వెళ్ళి, దాన్ని ఒకసారి అటు, ఒకసారి ఇటు నెట్టి చూస్తుంది. ఎవరి తలుపో తట్టి పారిపోయే పిల్లల్లాగా. వద్దనుకున్నా వెళ్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ అదే పని.

ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అక్కడ పిల్లలు చప్పరించే బిళ్ళలు చేస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ బిళ్ళల పాకం చూసేది ఆమె కాబట్టి పాకమ్మ. చూడటం అంటే కళ్ళతో కాదు, పళ్ళతో. బాన పక్కన ఒక ముక్కాలి పీట, దాని ముందు చల్లనీళ్ళ గిన్నె. ఉడుకుతున్న పాకంలోంచి ఒక చుక్క తీసి నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక పంటికింద పెట్టి కొరుకుతుంది. పంటికి అంటుకుంటే ఇంకా రాలేదు. టప్పున విరిగితే వచ్చింది. ఆమె "దించు" అన్నాకే బాన దిగుతుంది. ఆ ఒక్క మాట కోసం అంతమంది మనుషులు ఆమె నోటివంక చూస్తారు. ఇంట్లో గానీ, బస్సులో గానీ, ఇంకెక్కడా ఆమె నోటివంక ఎవరూ అలా చూడరు.

అందుకే పళ్ళ డాక్టరు చెప్పిన మాట రెండు వారాలైనా ఎవరికీ చెప్పలేదు.

ఆ డాక్టరమ్మకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నోట్లో చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"కదిలేవి ఇవి రెండే కాదండీ. మొత్తం ఆరు తీసెయ్యాలి. మీకు షుగర్ ఉంది కదా, మందులు వేసుకుంటున్నారా?"

"గుర్తున్నప్పుడు."

"షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళలో చీము తగ్గదు. చీము తగ్గకపోతే షుగర్ దిగదు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. నోరు కూడా ఎండిపోయి ఉంది. నీళ్ళు తాగరా?"

తాగదు. తాగితే మాటిమాటికీ పీట మీంచి లేచి వెళ్ళాలి. బాన ఎవరి కోసమూ ఆగదు. పీట, బాన, పాకం కొరకడం, అన్నీ డాక్టరమ్మకి చెప్పుకొచ్చింది.

"రోజుకి ఎన్నిసార్లు కొరుకుతారు ఆ పాకం?"

"వాయకి మూడు సార్లు. రోజుకి పది వాయలు."

"ఎన్నేళ్ళుగా?"

చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"కానీ నేను మింగనమ్మా" అంది పాకమ్మ, కాస్త గర్వంగానే. "ఒక్క పలుకు కూడా మింగను. ఉమ్మేస్తా."

"మీరు మింగారో ఉమ్మారో పళ్ళకి తెలీదు కదండీ. వాటికి తీపి తగిలింది, అంతే."

ఇరవై ఆరేళ్ళు. ఉమ్మి ఉమ్మి గొంతు ఎండిపోయింది. పని నేర్పిన పెద్దావిడ మొదటిరోజే చెప్పింది: మింగకు, ఉమ్మేయ్, ఏమీ కాదు. ఆ పెద్దావిడ నోట్లో చివరికి ఒక్క పన్ను మిగల్లేదు. ముసలితనం అనుకున్నారు అందరూ. అప్పటికి ఆవిడకి యాభై. ఇప్పుడు పాకమ్మకి యాభై రెండు.

ఇప్పుడు ఆ ఆరూ తీయించుకుంటే పీట పోతుంది. తీయించుకోకపోతే అవే పోతాయి, పీట కూడా పోతుంది. కాకపోతే కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యాన్నే ఆమె రెండు వారాలుగా బుగ్గలో దాచుకుని తిరుగుతోంది.

ఫ్యాక్టరీ లోపల గాలి కూడా తియ్యగా ఉంటుంది. చక్కెర దుమ్ము కనురెప్పల మీద వాలుతుంది. నేల చెప్పుల్ని పట్టుకుని ఒక పట్టాన వదలదు. బాన దగ్గర గరిటె తిప్పే మనిషిని అందరూ మీసాలు అంటారు. ఆవిరికి ఆ మీసాలు ఎప్పుడూ కిందికి వాలే ఉంటాయి.

"దా అక్కా, నీకోసమే కాచుకున్నాం" అన్నాడు.

మొదటి వాయ ముందు పళ్ళతో కొరికింది. జివ్వుమని చెవిదాకా లాగింది. ముఖం మారకుండా "దించు" అంది. రెండో వాయకి కుడివైపు పెట్టింది. కానీ ఇన్నేళ్ళూ కొరికింది ఎడమవైపే. పాకం ఎప్పుడు వచ్చిందో ఆ పళ్ళకే తెలుసు. కుడివైపు పళ్ళు కొత్తగా పనిలో చేరినవాళ్ళలా నీళ్ళు నమిలాయి. ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ ఆగింది. బాన దిగేసరికి పాకం రంగు తిరిగింది.

"కాస్త ముదిరినట్టుందే అక్కా."

"నువ్వు గరిటె చూసుకో."

మీసాలు గరిటే చూసుకున్నాడు. ఆ మాట అతన్ని కాదు అనాల్సింది. ఎవర్ని అనాలో వాళ్ళు తన నోట్లోనే ఉన్నారు, ఏమన్నా పట్టించుకోరు.

మధ్యాహ్నం పాలలో నానబెట్టిన రొట్టె గిన్నె తెరిచింది. ఎదురుగా ప్యాకింగ్ పిల్ల కూర్చుంది. పిల్ల అంటే పిల్ల కాదు, పెళ్ళయి కూతురు కూడా ఉంది. నోరు మూయదు కాబట్టి వాగుడుకాయ అంటారు.

"ఏంటి పిన్నీ, పసిపిల్లల తిండి? ఉయ్యాల కూడా తెప్పించమంటావా?"

"నీ నాలుక ఊగుతోందిగా, చాల్లే."

వాగుడుకాయ కిసుక్కున నవ్వింది. ఆమె కుడి బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. విరిగిన బిళ్ళలు ఏరి పొద్దున్నుంచి సాయంత్రందాకా అక్కడే పెట్టుకుంటుంది.

"అలా బుగ్గన పెట్టుకుని కూర్చోకే. చప్పరిస్తే చప్పరించు, తర్వాత నీళ్ళతో పుక్కిలించు."

"నువ్వు కొరికితే ఉద్యోగం, నేను చప్పరిస్తే తప్పా? నా ముప్పై రెండూ రాళ్ళలా ఉన్నాయి పిన్నీ."

"నావీ ఉండేవి" అంది పాకమ్మ. వాగుడుకాయ అప్పటికే వేరే కబురు ఎత్తుకుంది.

మూడు గంటలకి నారింజ బిళ్ళల వాయ. పాకం దించి ఇనప బల్ల మీద పోశారు. రంగు కలిపి, అంచులు మడుస్తూ పిసికాక, రోలరుకి పంపేముందు ఆమె ఇంకోసారి చూడాలి. ముద్ద కొస పట్టుకుని తోకలా సాగదీసి, కొరికి, వదిలేస్తుంది. గాటు శుభ్రంగా పడితే పంపొచ్చు. కొరికిన తోకని తిరిగి ముద్దలోకే మడిచేస్తారు. ఎప్పట్నుంచో అంతే. ఎవరూ తప్పనుకోలేదు.

అలవాటుకొద్దీ ఎడమవైపే కొరికింది. పాకం గట్టిగా పట్టుకుంది. తల వెనక్కి లాగింది. నొప్పేమీ లేదు. తోక మడిచింది, "పంపండి" అంది. మీసాలు ముద్దని ఎత్తుకెళ్ళి రోలరు మీద పెట్టాడు. అది తాడులా సాగి, అచ్చులో పడి, బిళ్ళలై, టపటపమని తట్టలోకి రాలడం మొదలైంది.

ఆమె పీట మీద కూర్చుంది. నాలుక మామూలుగా ఎడమవైపు వెళ్ళింది. నెట్టడానికి అక్కడ ఏమీ లేదు.

అరచేతిలోకి ఉమ్మి చూసింది. ఎర్రగా ఉంది, అంతే. గిన్నెలో నీళ్ళు చూసింది. బల్ల మీద చేత్తో తడిమింది. వంగి నేల చూసింది. మింగేశానేమో అనుకుంది. మింగే ఉంటాను అని గట్టిగా అనుకుంది. ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ మింగని మనిషి, ఇవాళ మింగి ఉంటే బాగుండునని.

ఎవరూ చూడలేదు. తట్ట నిండుతోంది. రంగు సరిగ్గా కలవలేదని చెప్పి ఈ వాయ పక్కన పెట్టించవచ్చు. కానీ పక్కన పెట్టిన వాయని పారెయ్యరు. మర్నాడు బానలో వేసి మళ్ళీ కరిగిస్తారు. పన్ను కరగదు. రేపు కాకపోతే ఎల్లుండి, ఎక్కడో ఒక పిల్ల బిళ్ళ నోట్లో వేసుకుని, చప్పరించి చప్పరించి, చివర్లో కొరుకుతుంది.

"ఆపండి" అంది.

యంత్రం మోతలో ఎవరికీ వినపడలేదు. లేచి వెళ్ళి రోలరు మీట తనే కిందికి లాగింది. సూపర్‌వైజరు ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏమైంది పాకమ్మగారూ?"

"నా పన్ను."

"మీ పన్నుకేమైంది?"

"అందులో ఉంది."

ఎవరో నవ్వారు. ఒక్కరే నవ్వారు, మధ్యలోనే ఆపేశారు. వాగుడుకాయ బుగ్గలోంచి బిళ్ళ తీసి, అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

తట్టలో బిళ్ళలు, రోలరు మీది తాడు, మిగిలిన ముద్ద, అన్నీ సంచుల్లోకి ఎత్తారు. వెనకవైపు చెత్తబండి దాకా మీసాలే మోసుకెళ్ళాడు. యంత్రం విప్పి వేడినీళ్ళతో కడిగారు. అంతసేపూ ఆమె పీట పక్కన నిలబడే ఉంది. కూర్చోవాలో వద్దో తెలియలేదు.

సూపర్‌వైజరు ఆమెని గదిలోకి పిలిచాడు. మంచివాడే. అరవడు. అరిస్తే ఆమెకీ ఒక మాట అనడానికి వీలుండేది.

"ముందే చెప్పాల్సింది కదండీ, పళ్ళు కదులుతున్నాయని."

"చెబితే పీట మీద కూర్చోనిస్తారా?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దాడు. "నోరు బాగుచేయించుకోండి. డాక్టరు చీటీ పట్టుకొచ్చాక చూద్దాం."

"బాగుచెయ్యడం అంటే ఆరు పీకుతారట. ఒకటి ఇక్కడే పోయింది, ఐదు. అవి పోయాక దేంతో కొరకను?"

"అదే కదండీ."

"ప్యాకింగ్‌లో వెయ్యండి పోనీ."

"అక్కడ ఉన్నవాళ్ళే ఎక్కువయ్యారు" అన్నాడు. గొంతు తగ్గించి, "ఎవరూ చూడలేదు కదా. ఎందుకు చెప్పారసలు?" అన్నాడు. కోపంగా లేదు ఆ మాట. విసుగ్గా ఉంది. ఆమెకీ తన మీద సరిగ్గా అదే విసుగు ఉంది.

"మళ్ళీ కరిగిస్తారుగా" అంది.

సంచి తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళేసరికి రోజులో చివరి వాయ ఉడుకుతోంది. నిమ్మబిళ్ళలది, పసుపు. సూపర్‌వైజరు ఆమె వెనకే వచ్చి, కొత్త అట్టపెట్టె విప్పి, పొడుగాటి థర్మామీటరు ఒకటి తీసి బానలో ముంచాడు. ఆవిరికి అద్దం మసకబారింది. తుడిచాడు. మళ్ళీ మసకబారింది. కళ్ళు చికిలించి అంకె చదివి, వచ్చినట్టే ఉందన్నాడు. మీసాలు గరిటె తిప్పుతూ బానవంక చూశాడు, సూపర్‌వైజరువంక చూశాడు, తర్వాత ఆమెవంక చూశాడు.

వెళ్ళిపోదామనే అనుకుంది. సంచి భుజాన ఉంది. ఇప్పుడా గుర్తొచ్చింది నా నోరు, అని అడుగుదామనుకుంది. చుక్క తీసి నీళ్ళలో వేసి, ముందు పళ్ళ మధ్య పెట్టింది. జివ్వుమంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంకో రెండు నిమిషాలు."

ఆగారు. దించారు. బల్ల మీద పోసి మడిచారు. మీసాలు ముద్దలోంచి వేలెడు ముక్క కత్తెరతో వేరుగా కోసి, ఆమె చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళలో ఎవరికీ తోచని పని. ఆమె దాన్ని మెల్లగా, ఉన్న పళ్ళన్నిటితో ఒకసారి కరిచి, బయటికి తీసి, బల్ల అంచున పెట్టింది.

"పంపండి" అంది.

ముద్ద రోలరు మీదికి వెళ్ళింది. యంత్రం మోత మొదలైంది. అందరూ తట్టవైపు తిరిగారు. కాసేపటికి మీసాలు "అక్కా, రేపు" అని ఏదో అనబోయి వెనక్కి చూశాడు. పీట ఖాళీగా ఉంది. బయటి తలుపు ఇంకా కొద్దిగా ఊగుతోంది.

బల్ల అంచున ఆ పసుపు ముక్క అప్పటికే చల్లారి గాజులా గట్టిపడింది. దాని మీద పైన నాలుగు పళ్ళ గాట్లు, కింద మూడు, పక్కన ఏ గాటూ పడని నున్నటి చోటు.